మందు పడదు, మందు పట్టదు, క్రిమి లొంగదు

సందేహం: ఎముకల వార్డు రోగుల కోసం కరపత్రం రాస్తున్నాం. ‘యాంటీబయాటిక్ నిరోధకత ఎముకల ఆరోగ్యానికి హాని చేస్తుంది. నిరోధకత పెరగకుండా చూసుకోవాలి’ అని రాశాం. చదివినవాళ్లు ‘నిరోధకత పెరిగితే మంచిదే కదా, పెరగకూడదంటారేం?’ అని అడుగుతున్నారు. నిరోధకత అనడం తప్పా? ప్రతిరోధకత అనాలా? – ఒక పాఠకురాలు, కర్నూలు

సమాధానం: మాట తప్పు కాదు. మీ వాక్యంలో కర్త లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

రుధ్ ధాతువుకు అడ్డగించడమని అర్థం. అడ్డగించేది నిరోధకం, ఆ గుణం నిరోధకత. రోగనిరోధకత అంటే రోగాన్ని అడ్డగించే గుణం. యాంటీబయాటిక్ నిరోధకత కూడా అదే అచ్చులో పోసిన సమాసం, యాంటీబయాటిక్‌ను అడ్డగించే గుణం. వ్యాకరణానికి రెండూ సమ్మతమే. అయితే మొదటి గుణం మనిషి ఒంటిది, రెండోది క్రిమిది. కరోనా రోజుల నుంచి ‘రోగనిరోధక శక్తి’ ఇంటింటి మాట అయింది కాబట్టి, నిరోధకత అని వినగానే ఎవరికైనా ఒంటి బలమే తోస్తుంది. మీ పాఠకులు పొరబడలేదు. వాక్యమే వాళ్లను అటు నడిపించింది.

పత్రికల్లో తరచూ కనిపించే ‘శరీరం యాంటీబయాటిక్‌లకు అలవాటు పడిపోతుంది’ అనే వాక్యం ఇంతకంటే చెడ్డది. మారేది శరీరం కాదు, బ్యాక్టీరియా. కొన్ని మందును విరగ్గొట్టే ఎంజైమును తయారు చేసుకుంటాయి. కొన్ని లోపలికి వచ్చిన మందును బయటికి తోడిపోస్తాయి. మరికొన్ని మందు అంటుకునే చోటునే మార్చేసుకుంటాయి. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్ 1959లో వాడుకలోకి వచ్చింది. దానికి లొంగని స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాను 1961లోనే బ్రిటన్‌లో గుర్తించారు. ఆ క్రిమి నేర్చిన విద్య ఈ మూడో రకమే. ఆ మందును జన్మలో వాడని మనిషికి కూడా ఆ క్రిమి సోకవచ్చు. అలాంటి మనిషిని పట్టుకుని ‘మీ ఒంటికి అలవాటైంది’ అనడం ఎంత అన్యాయం!

ప్రతిరోధకత వద్దు. రోగక్రిములను ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలకు ప్రతిరక్షకాలు, ప్రతిదేహాలు అనే మాటలు ఇప్పటికే ఉన్నాయి. ఆ గుంపులో ఇంకొక ‘ప్రతి’ చేరితే చదివేవాళ్లకు గందరగోళమే మిగులుతుంది. యాంటీబయాటిక్‌ను క్రిమిసంహారకం అనడమూ మన ప్రాంతంలో ప్రమాదమే. ఆ మాటకు ఇక్కడ పత్తికి, వేరుశనగకు కొట్టే పురుగుమందనే అర్థం.

మరి ఏమనాలి? ఆదోని వైపు పత్తి రైతును అడగండి. ‘ఎంత కొట్టినా పురుగు మందుకు లొంగడం లేదు’ అంటాడు. లొంగకపోవడం అన్నప్పుడు లొంగనిది ఎవరో చెప్పక తప్పదు. ఆ క్రియే కర్తను వెంటబెట్టుకొస్తుంది. కల్చర్ రిపోర్టు (క్రిమిని ల్యాబులో పెంచి, ఏ మందుకు లొంగుతుందో చూసిన ఫలితం) చదివి చెప్పేటప్పుడు కూడా సెన్సిటివ్ అంటే లొంగుతుంది, రెసిస్టెంట్ అంటే లొంగదు. శాస్త్ర వ్యాసానికి నామవాచకమే కావాలంటే ‘బ్యాక్టీరియాకు వచ్చిన మందు నిరోధకత’ అని కర్తను కలిపి రాయండి.

దీనికి బదులు ‘తట్టుకోవడం’ వాడవచ్చా అని కొందరికి అనిపిస్తుంది. అనంతపురం రైతుకు బెట్టను తట్టుకునే వేరుశనగ రకం అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. నీళ్లు లేని రోజుల్లో ఆ మొక్క ఎదగకపోయినా చావదు, వాన పడగానే తేరుకుంటుంది. సూక్ష్మజీవశాస్త్రంలోనూ ఈ రెండూ వేరువేరు. లొంగని క్రిమి మందు ఉండగానే పెరుగుతుంది. తట్టుకునే క్రిమి మందు ఉన్నంతసేపు పెరగదు, కానీ తొందరగా చావదు. ఇంకా కొన్ని ఎదుగుదల ఆపేసి నక్కి ఉంటాయి. పెన్సిలిన్ జాతి మందులు తమ చుట్టూ గోడ కట్టుకుంటూ పెరిగే బ్యాక్టీరియానే చంపుతాయి కాబట్టి, నక్కినవి బతికిపోతాయి. స్టెఫైలోకాకస్ ఎముకను కట్టే కణాల్లోనే దాక్కోగలదు. ఎముకకు పట్టిన చీము మానిందనుకున్న నెలలకో, ఏళ్లకో తిరగబెట్టడానికి ఇదొక కారణం. అందుకని లొంగదు, తట్టుకుంటుంది, నక్కింది అనే మూడింటినీ ఒకటిగా కలిపేయకండి.

కరపత్రానికి ఇంతకన్నా అవసరమైన జంట ఇంకొకటుంది: పడదు, పట్టదు. ‘ఈ మందు నాకు పడదు’ అంటే వేసుకుంటే దద్దుర్లో, ఆయాసమో వస్తుందని. ‘తిన్నది ఒంటికి పట్టలేదు’ అన్నట్టే, ‘మందు ఎముకకు పట్టలేదు’ అంటే చేరవలసిన చోటికి చేరలేదని. పెన్సిలిన్ పని చేయని రోగి ‘నాకు పడలేదు’ అంటే డాక్టరు దాన్ని అలర్జీ అనుకుని రాసుకుంటారు. ఆపైన క్లాక్సాసిలిన్, సెఫజొలిన్ వంటి మందులను కూడా పక్కన పెట్టి వాంకోమైసిన్‌కు పోవలసి రావచ్చు. క్రిమి ఆ మొదటి మందులకు లొంగేదే అయితే, వాంకోమైసిన్ వాటంత బాగా పని చేయదు. ఒక్క క్రియ తేడాతో రోగికి మంచి మందు దక్కకుండా పోతుంది. కాబట్టి ‘ఏ మందైనా పడదా?’ అన్న ప్రశ్న కిందనే ‘అంటే వేసుకున్నాక దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వచ్చాయా?’ అని తప్పకుండా చేర్చండి.

పట్టకపోవడానికి ఎముకలో ప్రత్యేకమైన కారణముంది. చీము పట్టిన చోట కొంత ఎముక చచ్చిపోతుంది. దానికి రక్తం అందదు, రక్తంతో వచ్చే మందూ అందదు. ల్యాబులో క్రిమి లొంగుతుందని రిపోర్టు వచ్చినా రోగం తగ్గకపోవడం ఇందువల్ల జరుగుతుంది. అప్పుడు క్రిమిని తప్పుపట్టి మందు మార్చడం చాలదు. చచ్చిన ఎముకను కోసి తీసేయాలి. ఒక్కోసారి జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన ఎముక సిమెంటు పూసలను ఆ ఖాళీలోనే పెడతారు.

ఎముకకు మరీ ఎక్కువగా పట్టే మందూ ఉంది. టెట్రాసైక్లిన్ క్యాల్షియంను పట్టుకుని, పెరుగుతున్న ఎముకల్లో, పళ్లలో నిలిచిపోతుంది. చిన్న పిల్లల పళ్లు పసుపుపచ్చబడేది అందుకే. ఆ గుణాన్నే పరిశోధకులు కొలబద్దగా మార్చుకున్నారు. రోజుల ఎడంతో రెండు విడతలు మందిస్తే ఎముకలో రెండు మెరిసే గీతలు పడతాయి. వాటి మధ్య దూరాన్ని బట్టి కొత్త ఎముక ఎంత వేగంగా కట్టుకుంటోందో లెక్కిస్తారు. ఈ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చింది. అక్కడి పరిశోధనకు నాయకత్వం వహించినది మన యల్లాప్రగడ సుబ్బారావు. తెలుగులో ఈ సంగతులు రాసేటప్పుడు ఆ పేరు తలుచుకోవాలనిపిస్తుంది.

మీ మొదటి వాక్యంలోని ‘ఎముకల ఆరోగ్యం’ కూడా పలుచని మాటే. ఏ జబ్బో చెప్పండి. గుల్లబారడం ఆస్టియోపొరోసిస్, చీము పట్టడం ఆస్టియోమైలైటిస్. అరుగుదల అని జనం అనేది ఎక్కువగా కీళ్లలోని మృదులాస్థి గురించి. ఫ్లోరైడు నీళ్ల ఊళ్లలో ‘ఎముకలు గుల్లబారాయి’ అనేస్తుంటారు, కానీ ఫ్లోరోసిస్‌లో ఎముక సాంద్రత సాధారణంగా పెరుగుతుంది. గట్టిపడి పెళుసవుతుంది.

కరపత్రంలో ఇలా రాయవచ్చు: ‘ఎముకకు చీము పట్టినప్పుడు యాంటీబయాటిక్‌లను సాధారణంగా 4 నుంచి 6 వారాలు వాడాలి. చీము కారడం ఆగిందని మీ అంతట మీరు మానేస్తే, ఎముకలో మిగిలిన క్రిములు మళ్లీ పెరుగుతాయి. మందుకు లొంగని క్రిములు ఉంటే అవి ఇతరులకూ సోకవచ్చు.’

బహువచనం యాంటీబయాటిక్‌లు. కావాలంటే యాంటీబయాటిక్స్ అనండి, ‘యాంటీబయాటిక్స్‌లు’ మాత్రం రాయకండి.