ముఖాలన్నీ ఒకేలా కనిపిస్తున్నాయా?

ప్రశ్న: అక్కా, నేను న్యూజెర్సీ వచ్చి మూడు నెలలైంది. మా టీములో ఇద్దరు చైనా అమ్మాయిలున్నారు. నిన్న ఒకరిని రెండో ఆమె పేరుతో పిలిచాను. ఆమె ముఖం చిన్నబోయింది. పొద్దున్నుంచి ఆమెకు ఎదురుపడలేకపోతున్నాను. నాలో జాతి వివక్ష ఉందంటారా?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆమె దగ్గరికి వెళ్ళి, "నిన్న పేరు తప్పుగా పిలిచాను, మన్నించండి" అని ఒక్క మాట చెప్పు. పెద్ద సంజాయిషీ అక్కర్లేదు. "మీరంతా నాకు ఒకేలా కనిపిస్తారు" అని మాత్రం ఎన్నడూ అనకు. పుండు మీద కారం చల్లినట్టవుతుంది.

వివక్ష సంగతి అడిగావు. నీకు జరిగినదాన్ని పరిశోధకులు క్రాస్ రేస్ ఎఫెక్ట్ అంటారు, అంటే సొంత జాతి ముఖాలకంటే వేరే జాతి ముఖాలను గుర్తుపట్టడం కష్టం కావడం. దీనిమీద ముప్పై ఏళ్ళపాటు జరిగిన పరీక్షలను మైస్నర్, బ్రిగమ్ అనే ఇద్దరు 2001లో ఒకచోట చేర్చి లెక్కగట్టారు. దాదాపు 5,000 మంది పాల్గొన్న పరీక్షలవి. అసలు చూడని ముఖాన్ని చూశామని పొరబడటం, సొంత జాతి ముఖాలతో పోలిస్తే వేరే జాతి ముఖాల విషయంలో ఒకటిన్నర రెట్లకు పైగా ఉంది. మనసులో ద్వేషం ఉన్నవాళ్ళే ఎక్కువ పొరబడ్డారా అంటే, అలాంటి నేరుసంబంధం కనిపించలేదు. కాబట్టి ఆ భయం వదిలెయ్యి.

ఇది పుట్టుకతో వచ్చే లోపం కూడా కాదు. బ్రిటన్‌లో తెల్లజాతి పసిపిల్లలను పరీక్షించి 2007లో వెల్లడించిన ఫలితాలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మూడు నెలల పాప ఏ జాతి ముఖాన్నయినా గుర్తుపట్టింది. తొమ్మిది నెలలు వచ్చేసరికి సొంత జాతి ముఖాలే మిగిలాయి. రోజూ కనిపించే ముఖాలకే మెదడు పదును పెట్టుకుంటుందన్నమాట. చిన్నప్పుడే ఫ్రాన్స్‌లో దత్తతకు వెళ్ళిన కొరియా పిల్లలు పెద్దయ్యాక ఆసియా ముఖాలకంటే తెల్లవారి ముఖాలనే బాగా గుర్తుపట్టారు. ఉన్నదంతా పెరిగిన చోటులో ఉంది, రక్తంలో కాదు.

అలవాటులేని ముఖం ఎదురైతే మెదడు "చైనా మనిషి" అని ముందు జాతిని పట్టుకుంటుంది. చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. ఆ మనిషి ఎవరన్నదాకా వెళ్ళదు.

ఇది మనకూ జరుగుతుంది. నా మొదటి ఉద్యోగంలో ఒక పెద్దాయన నన్ను మరో భారతీయురాలి పేరుతో పిలిచేవారు. ఆమె పంజాబీ, నాకంటే జానెడు పొడవు. మొదటిసారి కారులో కూర్చుని ఏడ్చాను. ఇప్పుడైతే ఆ మొదటిసారిని క్షమించగలను. నాలుగుసార్లు సరిదిద్దాక కూడా ఆయన మారలేదు, దాన్ని మాత్రం క్షమించలేను. అది మెదడు చేసిన తప్పు కాదు, పట్టించుకోకపోవడం. నీ విషయంలోనూ నేను కోరేది అదే: రెండోసారి జరగనివ్వకు.

ఎలాగంటావా? జుట్టునో కళ్ళజోడునో గుర్తు పెట్టుకోకు, జుట్టు కత్తిరించుకుని వస్తే మళ్ళీ మొదటికొస్తావు. బారసాలనాడు మన ఇళ్ళలో ఉయ్యాల చుట్టూ చేరి "ముక్కు నాన్నది, గడ్డం మేనత్తది" అని పోలికలు వెతుకుతారే, ఆ చూపు ఇక్కడ వాడు. మా పక్కింట్లో కొరియా అక్కచెల్లెళ్ళు ఉండేవారు. పెద్దావిడ నవ్వితే ఎడమ చెంప మీద సన్నని గీత పడేది. చిన్నావిడ కనుబొమలు చివర్లలో కిందికి వాలేవి. ఆ రెండూ పట్టుకున్నాక వాళ్ళను ఎలా పొరబడ్డానా అనిపించింది. పెద్దవాళ్ళమయ్యాక వేరే జాతివాళ్ళ మధ్య తిరిగినంత మాత్రాన ఈ నేర్పు రాదు. ఒక్కో ముఖాన్నీ పేరుతో కలిపి చూడాలి. అలా నేర్పినప్పుడు ఫలితం కనిపించిందని పరీక్షలు కూడా చెబుతున్నాయి.

ఇక నువ్వు అడగని సంగతి ఒకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. 1984లో నార్త్ కరోలినాలోని బర్లింగ్టన్‌లో జెన్నిఫర్ థాంప్సన్ అనే తెల్లజాతి విద్యార్థినిపై అత్యాచారం జరిగింది. నేరస్థుడు దొరికితే గుర్తుపట్టాలని అంత భయంలోనూ ఆమె అతని ముఖాన్ని పట్టిపట్టి చూసింది. తర్వాత పోలీసులకు రొనాల్డ్ కాటన్ అనే నల్లజాతి యువకుణ్ణి చూపించింది. ఆమెకు ఆవగింజంత అనుమానం కూడా లేదు. పదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాక, 1995లో డీఎన్‌ఏ పరీక్షలో తేలింది అతను కాదని. మన న్యూజెర్సీ సుప్రీంకోర్టు కూడా వేరే జాతివారిని గుర్తించడంలో పొరపాటు జరగవచ్చని కొన్ని కేసుల్లో జ్యూరీకి చెప్పాలని 1999లోనే తీర్పిచ్చింది.

ఈ దేశంలో దొంగతనమో దాడో జరిగి, పోలీసులు నీ ముందు ఫోటోలు పెట్టే రోజు రాకూడదనే కోరుకుంటాను. వస్తే మాత్రం తొందరపడకు. అసలు మనిషి ఆ ఫోటోల్లో లేకపోవచ్చు కూడా. "కచ్చితంగా చెప్పలేను" అనడానికి మొహమాటపడకు. పోలీసులు అంత కష్టపడ్డారు కదా, ఏదో ఒకటి చెప్పాలి అనుకుంటావేమో, వద్దు.

రేపు ఆ అమ్మాయితో మాట్లాడాక ఏమందో నాకు రాయి.