పసుపు మరక, రుషికొండ లెక్క

చిన వాల్తేరు,
విశాఖపట్నం.

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నీ పరిశోధన ప్రతిపాదన రెండుసార్లు చదివాను. సముద్రపు నాచుతో సన్‌స్క్రీన్ తయారుచేయడం ఒక భాగంగా, మన రుషికొండ బీచ్‌లో సుస్థిర పర్యాటకాన్ని కొలవడం రెండో భాగంగా పెట్టుకున్నావు. రెండింటినీ కలిపినందుకు నాకు అభ్యంతరం లేదు. స్నానానికి దిగినవాళ్ళ ఒంటిమీది పూత చివరికి చేరేది ఆ నీటిలోకే కదా. అయితే "సహజం", "సుస్థిరం" అన్న మాటలను ముందే రుజువైపోయినట్లు వాడావు. నువ్వు తేల్చవలసినవి ఆ రెండే.

సహజమైనదల్లా సురక్షితం కాదనడానికి మన బావంచాల గింజలే చాలు. వాటిలోని సోరలెన్ అనే పదార్థం వల్ల చర్మం ఎండకు మరింతగా స్పందిస్తుంది కాబట్టే వాటిని బొల్లికి వాడుతూ వచ్చారు. మోతాదు మించితే బొబ్బలెక్కుతాయి. కాబట్టి నాచు నుంచి నువ్వు తీసే సారం ఎండను ఎంత ఆపుతుందో చూసే ముందు, ఎండలో ఆ సారమే ఏమవుతుందో చూడు. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు పసుపు సారానికి అంకెలు బాగా వచ్చాయని సంబరపడి, గాజుపలక మీద పూసి మేడమీద ఎండలో పెట్టాను. సాయంత్రానికి రంగు వెలిసిపోయింది. చీరకు పసుపు మరకైతే తడిపి ఎండలో ఆరేయమని మా అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో, ప్రయోగశాలలో మాత్రం ఆ మాట గుర్తుకు రాలేదు.

ఎస్‌పీఎఫ్, అంటే పూత ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె కోసం నువ్వు ఎంచుకున్నది 1986 నాటి మన్సూర్ సమీకరణం. 290 నుంచి 320 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దాకా ఐదేసి చొప్పున, ద్రావణం కాంతిని ఎంత శోషిస్తుందో ఏడు రీడింగులు తీస్తే అంకె వచ్చేస్తుంది. చౌకైన పద్ధతి, తొలి వడపోతకు మంచిదే. కానీ అది ఆల్కహాల్‌లో కరిగిన ద్రావణం సంగతి చెబుతుందే గాని, చెమట పట్టిన చర్మం మీద పలచగా పరుచుకున్న పూత సంగతి చెప్పదు. 320 నుంచి 400 దాకా ఉండే యూవీఏ అనే అతినీలలోహిత కిరణాలను అసలు తాకదు. ఎర్రనాచుల్లోని షినోరిన్ వంటి పదార్థాలు 334 నానోమీటర్ల దగ్గర గరిష్ఠంగా శోషిస్తాయి కాబట్టి, నీ నాచు బలమంతా ఆ సమీకరణానికి కనబడని చోటే ఉండిపోవచ్చు. మనుషుల మీద చేసే పరీక్షలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూస్తారు, జనం పూసుకునేది సాధారణంగా అందులో సగమో, ఇంకా తక్కువో. ఆ దశకు వెళ్ళదలిస్తే ముందు నైతిక సంఘం అనుమతి తీసుకో.

హవాయి 2018లో చట్టం చేసి 2021 నుంచి ఆక్సీబెంజోన్ అనే ఎండను ఆపే రసాయనం ఉన్న సన్‌స్క్రీన్‌ల అమ్మకం ఆపిందని రాశావు. నిజమే, కాని అక్కడి వాదన పగడపు దిబ్బల చుట్టూ తిరిగినది. హవాయిలో ఉన్నంతటి దిబ్బలు మన విశాఖ తీరంలో లేవు కాబట్టి, నీ సారాన్ని మన నీటిలోని సూక్ష్మ నాచుల మీద, రొయ్య పిల్లల మీద పరీక్షించు.

ఇక పర్యాటకం. రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ అనే, శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు వచ్చిందన్నది గుర్తింపు సంగతి, నీ కొలత కాదు. ఐక్యరాజ్యసమితి గణాంక కమిషన్ 2024లో ఆమోదించిన, పర్యాటక సుస్థిరతను కొలిచే చట్రం ఆర్థిక, సామాజిక, పర్యావరణ కోణాలను కలిపి చూడమంటుంది. నువ్వు వచ్చినవాళ్ళ తలలు లెక్కపెట్టి ఆగిపోయావు. కార్తీకమాసపు ఆదివారం, మామూలు బుధవారం రెండూ పోల్చు. చెత్త ఎన్ని కిలోలు తేలిందో తూచు. మురీ మిక్చర్ బండ్లలో ఎన్ని స్థానికులవో అడుగు. జాలరిపేట ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, చేపలు ఆరబెట్టుకునే ఇసుక పదేళ్ళలో ఎంత తగ్గిందో కాళ్ళతోనే కొలిపించు. ప్రశ్నావళి పట్టుకుని వెళితే వాళ్ళు "బాగానే ఉందమ్మా" అని పంపేస్తారు.

వచ్చే ఆదివారం సముద్రం పాటు ఎప్పుడో పోటుపాట్ల పట్టికలో చూసి ఫోన్ చెయ్యి. నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళ దగ్గరకు వెళదాం. వృక్షశాస్త్రం చదివిన స్నేహితురాలిని కూడా తీసుకురా, నాచు పేరు తప్పు పడితే తక్కినదంతా వృథా. గుప్పెడుకు మించి కొయ్యవద్దు, రాతిని పట్టుకున్న మొదలును రాతికే వదిలెయ్యి.

మీ మావయ్య