అమెరికా చదువులు, ఆస్పత్రి బిల్లులు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి డాలస్ వెళ్తోంది. యూనివర్సిటీ ఫీజులో హెల్త్ ఇన్సూరెన్స్ కింద ఏడాదికి మూడు వేల డాలర్ల దాకా కలిపారు. వాట్సాప్ గ్రూపులో సీనియర్లేమో బయట ఏడెనిమిది వందలకే దొరుకుతుంది, వేవర్ (యూనివర్సిటీ ప్లాన్ వద్దని మినహాయింపు దరఖాస్తు) పెట్టేయమంటున్నారు. పాపకి చిన్నప్పటి నుంచీ థైరాయిడ్ ఉంది, రోజూ మాత్ర వేసుకుంటుంది. లోన్ మీద పంపిస్తున్నాం. దాదాపు రెండు లక్షలు మిగులుతాయంటే ఆశగా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అన్నయ్యగారూ, అసలు సంగతి ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు. థైరాయిడ్ ఉన్న పిల్లకి యూనివర్సిటీ ప్లానే తీసుకోండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

యూనివర్సిటీలు ఇచ్చే స్టూడెంట్ ప్లాన్లలో ఎక్కువ భాగం 2010 నాటి ఒబామాకేర్ చట్టం కిందికి వస్తాయి. ముందు నుంచీ ఉన్న జబ్బు అని చెప్పి వాటిలో వైద్యం ఎగ్గొట్టడానికి వీల్లేదు. టీకాలు, కొన్ని ముఖ్యమైన చెకప్‌లు ప్లాన్ డాక్టర్ల దగ్గర ఉచితం. బయట చవగ్గా అమ్మే వాటిలో చాలా వాటికి ఈ చట్టం వర్తించదు. వాటి బ్రోచర్ మొదటి పేజీలో నవ్వుతున్న పిల్లల ఫొటోలుంటాయి. మీరు మాత్రం వెనక పేజీల్లో ‘ఎక్స్‌క్లూజన్స్’ (ప్లాన్ కవర్ చేయనివి) అన్న చోటు తీసి చదవండి. ప్రీ-ఎగ్జిస్టింగ్ కండిషన్‌కి, అంటే ముందు నుంచీ ఉన్న జబ్బుకి, ఆరు నెలలో, ఏడాదో కవరేజీ లేదని అక్కడ ఉంటుంది, కొన్నింటిలో అసలు లేదనే ఉంటుంది.

మాత్ర ఖరీదు పెద్దదేం కాదు, జెనరిక్ చవగ్గానే వస్తుంది. నా భయం వేరే. పాపకి ఓ రాత్రి గుండె దడ వచ్చి ఎమర్జెన్సీకి వెళ్లిందనుకోండి. రికార్డులో థైరాయిడ్ కనిపించగానే, దడ దానివల్లే వచ్చిందని క్లెయిమ్ తోసేయడానికి ఆ చవక ప్లాన్‌కి దారి దొరుకుతుంది. చాలా ఏళ్లు ఆస్పత్రి బిల్లింగ్ డెస్క్‌లో కూర్చున్నదాన్ని, ఇలాంటి తిరస్కరణ ఉత్తరాలు పట్టుకుని వచ్చిన పిల్లల్ని చూశాను. మిగిలిందనుకున్న మీ రెండు లక్షలు ఆ ఒక్క రాత్రికే చాలవు.

వేవర్ కూడా అడగ్గానే ఇచ్చేది కాదు. ఎఫ్-1 (స్టూడెంట్) వీసాకి ఇన్సూరెన్స్ ఉండాలని ఫెడరల్ చట్టమేమీ లేదు, ఆ షరతు జె-1 (ఎక్స్చేంజ్ వీసా) వాళ్లకే. అందుకని రూల్స్ ఏ యూనివర్సిటీవి ఆ యూనివర్సిటీవే. ముందే బయట ప్లాన్ కొనేసి, వేవర్ రాక రెండింటికీ కట్టిన వాళ్లున్నారు. తర్వాత టీఏ (టీచింగ్ అసిస్టెంట్) గానీ ఆర్‌ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) గానీ పని వస్తే, ప్రీమియంలో డిపార్ట్‌మెంట్ ఎంత భరిస్తుందో పాపని అడగమనండి. కొన్ని చోట్ల మొత్తం వాళ్లే కడతారు.

వెళ్లిన వారంలోనే క్యాంపస్ హెల్త్ సెంటర్‌కి వెళ్లి థైరాయిడ్ ఫైలు ఓపెన్ చేయించుకోవాలి. ఇండియా డాక్టర్ ప్రిస్క్రిప్షన్ ఇంగ్లీషులో, మందు జెనరిక్ పేరుతో రాయించండి. ఇన్సూరెన్స్ కార్డు రెండు వైపులా ఫొటో తీసి రూమ్‌మేట్‌కి కూడా పంపమనండి. ఎందుకో కింది ప్రశ్నలో తెలుస్తుంది. పళ్లు, కళ్లజోడు మాత్రం ఈ ప్లాన్లలో సాధారణంగా ఉండవు. పిప్పి పన్ను ఉంటే ఖమ్మంలోనే చూపించి పంపండి.

ప్రశ్న: అక్కా, నేను మిస్సోరీలో ఎమ్మెస్ రెండో సెమిస్టర్. జనవరిలో ఐస్ మీద జారి పడ్డాను, రూమ్‌మేట్ 911కి ఫోన్ చేశాడు. ఎక్స్‌రే తీసి, చీలమండ బెణికిందని కట్టు కట్టి పంపించారు. ఇప్పుడు ఆస్పత్రి నుంచి 3,900, డాక్టర్ల గ్రూపు నుంచి 600, అంబులెన్స్‌కి 1,400 డాలర్ల బిల్లులొచ్చాయి. యూనివర్సిటీ ఇన్సూరెన్స్ ఉంది కానీ ఆ రాత్రి కార్డు నా దగ్గర లేదు. కట్టకపోతే వీసా పోతుందా? క్రెడిట్ కార్డు మీద పెట్టేయనా? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

జవాబు: తమ్ముడూ, ముందు నిద్రపో. ఆస్పత్రి బాకీ ఉన్నంత మాత్రాన వీసా పోదు. క్రెడిట్ కార్డు జోలికి మాత్రం వెళ్లకు. దాని మీద పెట్టావంటే అది ఆస్పత్రి బాకీ కాదు, వడ్డీతో బ్యాంకు బాకీ. తర్వాత తగ్గించమని అడగడానికి ఎవరూ ఉండరు.

నువ్వు చెప్పినదాన్ని బట్టి ఇవి ఇన్సూరెన్స్ లేనివాడికి పంపే బిల్లులు. కార్డు ఇవ్వలేదు కదా, వాళ్లకి తెలియదు. మూడు చోట్లకీ విడివిడిగా ఫోన్ చేసి మెంబర్ ఐడీ, గ్రూప్ నంబర్ చెప్పి, క్లెయిమ్ ఇన్సూరెన్స్‌కి పంపమను. ఆస్పత్రికి చెబితే డాక్టర్ల గ్రూపుకి తెలుస్తుందనుకోకు, అవి వేర్వేరు దుకాణాలు. క్లెయిమ్ పంపడానికి గడువుంటుంది, ఈ వారమే చెయ్.

కొన్నాళ్లకి ఇన్సూరెన్స్ నుంచి ఈఓబీ (క్లెయిమ్‌లో ఎవరి వాటా ఎంతో చూపే లెక్క) అనే కాగితం వస్తుంది. పైనే ‘ఇది బిల్లు కాదు’ అని ఉంటుంది, అయినా దాన్ని చూసి డబ్బు కట్టేసేవాళ్లున్నారు. అందులో ‘నువ్వు కట్టాల్సింది’ అన్న అంకె, తర్వాత వచ్చే బిల్లు సరిపోవాలి. సరిపోయేదాకా కట్టకు.

ఆస్పత్రిని ఐటమైజ్డ్ బిల్లు, అంటే ప్రతి పద్దూ కోడ్‌తో సహా ఉన్న బిల్లు అడుగు. ఎమర్జెన్సీ విజిట్‌కి 99281 నుంచి 99285 దాకా కోడ్‌లుంటాయి. చివరి అంకె పెరిగే కొద్దీ కేసు తీవ్రత, దాంతోపాటు రేటు పెరుగుతాయి. బెణికిన కాలికి 99285 వేసి ఉంటే కోడింగ్ రివ్యూ కావాలని రాతపూర్వకంగా అడుగు. నేను అవతలి వైపు కూర్చున్నప్పుడు ఇలా అడిగిన వాళ్ల ఫైలే మళ్లీ తెరిచేవాళ్లం.

2022 జనవరి నుంచి అమలైన నో సర్‌ప్రైజెస్ చట్టం వల్ల, నీ నెట్‌వర్క్‌లో లేని, అంటే నీ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం లేని, ఎమర్జెన్సీ డాక్టర్లు కూడా నెట్‌వర్క్ లెక్కకి మించి నీ దగ్గర వసూలు చేయకూడదు. రోడ్డు మీద వచ్చే అంబులెన్స్‌ని మాత్రం అందులోంచి వదిలేశారు. హెలికాప్టర్‌కి రక్షణ ఉంది, వ్యాన్‌కి లేదు! ఆ 1,400 గురించి ఇన్సూరెన్స్‌తో మాట్లాడాక మిగిలినదానికి వడ్డీ లేని నెల వాయిదాలు అడుగు, చాలామంది ఒప్పుకుంటారు.

డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ చెల్లించడం మొదలయ్యేలోపు నువ్వు భరించేది), కో-ఇన్సూరెన్స్ (ఆ తర్వాత బిల్లులో నీ వాటా) కింద నీ మీద పడేది కూడా భారమైతే, అది నాన్-ప్రాఫిట్ ఆస్పత్రి అయితే ఫైనాన్షియల్ అసిస్టెన్స్ ఫారం అడుగు. అలాంటి ఆస్పత్రులకు ఈ పాలసీ ఉండి తీరాలి. మొదటి బిల్లు వచ్చిన 240 రోజుల దాకా దరఖాస్తు తీసుకోవాలి. చదువుకుంటూ అంతంత మాత్రం సంపాదనతో ఉన్నావు, సిగ్గుపడాల్సిన పని లేదు.

ఇకముందు బెణుకు, జ్వరం, గొంతునొప్పి లాంటివైతే పగలు క్యాంపస్ సెంటర్, సాయంత్రం అర్జెంట్ కేర్ (అత్యవసరం కాని వాటికి అప్పటికప్పుడు చూసే క్లినిక్). ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం అయితే లెక్కలు వేసుకోకుండా 911. డబ్బున్నా లేకున్నా ఎమర్జెన్సీలో పరీక్షించి ప్రాణాపాయం తప్పించాలని 1986 నుంచీ చట్టం ఉంది.

ప్రశ్న: మే నెలలో నా ఎమ్మెస్ అయిపోతోంది. ఓపీటీలో (చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) ఉద్యోగం దొరికేదాకా ఇన్సూరెన్స్ ఎలా?
- న్యూజెర్సీ నుంచి ఒక విద్యార్థిని

జవాబు: అమ్మా, స్టూడెంట్ ప్లాన్ ఏ తేదీన ముగుస్తుందో ఇప్పుడే కనుక్కో. కొన్ని ఆగస్టు దాకా నడుస్తాయి, కొన్ని డిగ్రీతోనే ఆగిపోతాయి. కవరేజీ పోయిన 60 రోజుల్లోపు ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో ప్లాన్ కొనుక్కోవచ్చు, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకీ ఆ అర్హత ఉంది. మీ రాష్ట్రానికి సొంత వెబ్‌సైట్ ఉంది, పేరు గెట్ కవర్డ్ ఎన్‌జే. 60 రోజులు దాటితే సాధారణంగా మళ్లీ నవంబర్‌లోనే తలుపు తెరుస్తారు. రెగ్యులర్‌గా వాడే మందులుంటే పాత ప్లాన్ ముగిసేలోపే రీఫిల్ చేయించుకో.