ఎనిమిది సీట్ల జెట్‌కు టీకాస్-2 తప్పనిసరా?: సమాధానం

7,800 కిలోల ఎనిమిది సీట్ల జెట్‌లో ఐరోపా వెళ్లడానికి టీకాస్-2 (ఎదురయ్యే విమానాన్ని ఢీకొనకుండా పైలట్‌ను హెచ్చరించే పరికరం) ఉండాలా అని మీరు అడిగారు. మీ చిక్కు సీట్ల దగ్గర కాదు, బరువు దగ్గర ఉంది. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) ఆరవ అనుబంధంలో వాణిజ్య రవాణాకు వర్తించే మొదటి భాగం ప్రకారం టర్బైన్ ఇంజిన్ విమానం ధ్రువీకృత గరిష్ఠ టేకాఫ్ బరువు 5,700 కిలోలు దాటినా, 19 మందికి మించి ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి ఉన్నా, రెండింటిలో ఏ ఒక్కటి వర్తించినా ఏకాస్-2 (ఇలాంటి వ్యవస్థకు నియమాల్లోని పేరు; టీకాస్-2 ఆ రకం పరికరమే) ఉండి తీరాలి. మీరు రాసిన 7,800 కిలోలు ఆ హద్దును దాటాయి. ఆ రోజు ఎంత తక్కువ ఇంధనంతో ఎగిరారన్నది లెక్కలోకి రాదు.

1. ఫ్లైట్ మాన్యువల్‌లోని ధ్రువీకృత బరువును సరిచూసుకోండి.

2. ఎక్కువమంది వదిలేసేది ఇదే: పరికరం మీద టీకాస్-2 అని ఉంటే చాలదు, సాఫ్ట్‌వేర్ 7.1 వెర్షన్ అయి ఉండాలి. ఐరోపా గగనతలంలో 2015 డిసెంబర్ 1 నుంచి పాత విమానాలకూ ఇది తప్పనిసరి కాబట్టి, మీ ఐరోపా ప్రయాణానికి 7.0 పనికిరాదు. 2002 జులై 1న జర్మనీలోని ఉబర్లింగెన్ మీదుగా ఒక పైలట్ పరికరం మాటను, మరొకరు కంట్రోలర్ మాటను పాటించగా రెండు విమానాలు ఢీకొని 71 మంది చనిపోయారు. అలాంటి స్థితిలో ‘పైకెక్కు’, ‘కిందికి దిగు’ అన్న సూచనను తిరగేసే తర్కాన్నే 7.1 మెరుగుపరిచింది. దయచేసి దీన్ని కాగితాల పనిగా చూడకండి. ప్రాసెసర్ పార్ట్ నంబరును తయారీదారు పత్రంతో పోల్చి, ఫ్లైట్ మాన్యువల్ అనుబంధంలోనూ 7.1 అని నమోదైందో లేదో చూడండి.

3. మోడ్-ఎస్ ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు, ఇతర విమానాలకు జవాబిచ్చే రేడియో పరికరం) స్టాండ్‌బైలో ఉంటే టీకాస్ పనిచేయదు. టేకాఫ్‌కు ముందు స్విచ్‌ను టీఏ/ఆర్‌ఏ (హెచ్చరికలు, తప్పించుకునే సూచనలు రెండూ ఇచ్చే) స్థానంలో ఉంచండి.