పాత ల్యాప్‌టాప్‌కి ఏ లినక్స్?

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామే ఉంది, విండోస్ 11 ఎక్కనంటోంది. దాని బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పెడదామంటే, ఉబుంటు, మింట్, ఫెడోరా అని దాని రకాల్లో ఒక్కొక్కరూ ఒక్కోటి చెబుతున్నారు. నా పనల్లా బ్రౌజింగ్, తెలుగు టైపింగ్, సినిమాలు. ఏది పెట్టుకోను?

జవాబు: లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ (తేలికైన డెస్క్‌టాప్) ఎడిషన్ పెట్టుకోండి. పేర్ల గురించి టెన్షన్ వద్దు, రోజూ మీ కళ్లకు కనిపించేది డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ (మెనూలు, ప్యానెళ్లు, కిటికీలు అన్నీ కలిపి), వేగం కూడా చాలావరకు దాన్ని బట్టే ఉంటుంది. గ్నోమ్, కేడీఈ ప్లాస్మా లాంటి వేరే డెస్క్‌టాప్‌లు చూడ్డానికి బాగుంటాయి గానీ మీ 4 జీబీలో బ్రౌజర్‌కి మిగిలేది తగ్గుతుంది.

ముందు ఇన్‌స్టాల్ చేయకుండా, మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, సౌండ్, మూత మూసి తెరిస్తే మళ్లీ లేస్తోందా లేదా అన్నీ చూసుకోండి. ఇది మాత్రం మానొద్దు. ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకున్నాకే ఇన్‌స్టాల్ మొదలుపెట్టండి.

తెలుగు ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డ్ అమరిక) అలవాటుంటే కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్ కలుపుకుంటే చాలు. థీమ్‌లు, ప్యానెళ్లు మీ ఇష్టం, ఎలాగైనా మార్చుకోండి, కాకపోతే అంతకంటే ముందు టైమ్‌షిఫ్ట్ అనే మింట్ ప్రోగ్రామ్‌లో ఒక స్నాప్‌షాట్ (సిస్టమ్ ఇప్పుడున్న స్థితికి నకలు) తీసుకోండి. సిస్టమ్ పాడైతే వెనక్కి తెచ్చేది అదే, కానీ మీ ఫొటోలు, డాక్యుమెంట్లను అది మామూలుగా భద్రపరచదు, వాటి బ్యాకప్ విడిగా చూసుకోవాల్సిందే.