ఆపరేషనా, రేడియేషనా? మా నాన్న విషయంలో జరిగింది ఇది

మీ నాన్నగారికి 69 ఏళ్లు, ప్రొస్టేట్ క్యాన్సర్ (మగవాళ్లకి మూత్రాశయం కింద ఉండే గ్రంథికి వచ్చేది), పీఎస్‌ఏ (ఆ గ్రంథికి చేసే రక్తపరీక్ష) 12, గ్లీసన్ (ముక్క తీసి చూసి క్యాన్సర్ ఎంత తీవ్రమో చెప్పే స్కోరు) 3+4, ఎముకలకి పాకలేదు, ఏం చేయించమంటారు అని అడిగారు కదా. మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. మూడేళ్ల క్రితం మా నాన్నవీ దాదాపు ఇవే అంకెలు, పైగా 71 ఏళ్లు, షుగరు, గుండెకి స్టెంటు.

ఈ వారంలోనే తేల్చేయాలన్న టెన్షన్ మాత్రం పెట్టుకోకండి. మేం మొదట చూపించిన సర్జన్ బయాప్సీ రిపోర్టు చూస్తూనే "గురువారం చేసేద్దాం, అడ్వాన్స్ కట్టేయండి" అన్నాడు, రేడియేషన్ అనే దారి ఒకటుందని మాటవరసకైనా అనలేదు. మా మావయ్యే అడ్డుపడి విశాఖలో రేడియేషన్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన చెప్పినదాన్ని బట్టి, బ్రిటన్‌లో 1,643 మందిని 15 ఏళ్ల పాటు గమనిస్తే (2023లో వచ్చింది, ప్రొటెక్ట్ ట్రయల్), ఆపరేషన్ అయినా, రేడియేషన్ అయినా, ఊరికే పరీక్షలు చేస్తూ కనిపెట్టుకుని ఉన్నా ఈ క్యాన్సర్‌తో పోయినవాళ్లు నూటికి ముగ్గురే. వాళ్లలో ఎక్కువమందిది మనవాళ్ల కంటే తేలిక రకం, అదీ గుర్తుంచుకోండి.

తేడా అంతా తర్వాత బతుకులో ఉంటుంది. ఆపరేషన్ అయితే కొన్నాళ్లు మూత్రం ఆగదు, కొందరికి ఎప్పటికీ పూర్తిగా ఆగదు. రేడియేషన్ అయితే విరేచనాలు, మంట, కొందరికి రక్తం. దాంపత్యానికి రెండింటితోనూ ఇబ్బందే, సిగ్గుపడకుండా అడగండి. ఆపరేషన్ తర్వాత అవసరమైతే రేడియేషన్ ఇవ్వొచ్చు గానీ, రేడియేషన్ తర్వాత ఆపరేషన్ చాలా కష్టం.

నాన్న ఒక్క మాటే అన్నాడు, "పొలం గట్టు మీద పంచె తడిస్తే నేను నలుగుర్లో తిరగలేనురా" అని. రేడియేషన్‌కే వెళ్లాం. ఇరవై సిట్టింగులు, నాలుగు వారాలు, రోజూ బస్సులో వెళ్లిరావడం అయ్యే పని కాదని వైజాగ్‌లో గది తీసుకున్నాం. ప్రతిసారీ అరలీటరు నీళ్లు తాగి బిగబట్టుకుని కూర్చోవాలి. ఒకరోజు మిషన్ గంట లేటయింది, ఏ పంచె కోసం భయపడ్డాడో అది అక్కడే తడిసింది. ఇద్దరం నవ్వుకున్నాం, ఏం చేస్తాం.

ఎన్టీఆర్ వైద్య సేవ కార్డుంటే ఏది వర్తిస్తుందో హాస్పిటల్లో వైద్యమిత్రని ముందే అడగండి. రేడియేషన్‌తో పాటు ఆరు నెలలు హార్మోన్ ఇంజెక్షన్లు కూడా ఇచ్చారు, వాటితో ఒళ్లంతా వేడెక్కిపోతుందని మాకెవరూ ముందు చెప్పలేదు. ఇప్పుడు పీఎస్‌ఏ ఒకటి లోపే ఉంది గానీ, ఆ ఏడాది సంక్రాంతి చలిలో ఫ్యాన్ వేయమని నాన్న, ఆపమని అమ్మ, రాత్రంతా స్విచ్ దగ్గరే నా కాపురం.