11 నెలల పాపను ఎగ్జిమా క్రీమ్ ట్రయల్‌లో చేర్చవచ్చా?

పాపను కొత్త ఎగ్జిమా క్రీమ్ ట్రయల్‌లో చేర్చమని డాక్టర్ అడిగారని, సంతకం పెట్టాలంటే భయంగా ఉందని మీరు రాశారు. రెండేళ్ల కింద మా బాబుకి 14 నెలలప్పుడు మమ్మల్నీ ఇలాగే అడిగారు. డిసెంబర్ చలికి వాడి బుగ్గలు, మోకాళ్ల వెనక మడతలు ఎర్రగా పగిలిపోయి ఉన్నాయి. వారం ఆలోచించి చేర్పించాం.

"చంటిపిల్లాడి మీద ప్రయోగాలేంటి?" అన్నారు మా అత్తగారు. నిజానికి పసిపిల్లలకి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, పూసిన మందు ఒంట్లోకి ఎక్కువ దిగొచ్చు. అందుకే పెద్దవాళ్ల లెక్క వాళ్లకి సరిపోదు. అమెరికాలో క్రిసబరోల్ అనే ఎగ్జిమా ఆయింట్‌మెంట్‌కి 2016లో రెండేళ్లు, ఆపైవాళ్లకే అనుమతి ఇచ్చారు. 3 నెలల నుంచి రెండేళ్లలోపు పిల్లలకి 28 రోజులు పూసి చూశాక, 2020లో ఆ వయసు 3 నెలలకు తగ్గింది. ఎవరో తల్లులు ఒప్పుకోబట్టే కదండీ.

సంతకం పెట్టాల్సిన ఫారం తెలుగులో ఇమ్మని ఇంటికి తెచ్చుకుని చదవండి. సీటీఆర్‌ఐ (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నంబర్ అడగండి. మన దేశంలో ట్రయల్ మొదలయ్యే ముందే ఆ రిజిస్ట్రీలో నమోదు కావాలి, ఎవరైనా చూసుకోవచ్చు. ట్రయల్ వల్ల హాని జరిగితే 2019 క్లినికల్ ట్రయల్స్ రూల్స్ ప్రకారం వైద్యం, పరిహారం ట్రయల్ చేయించేవాళ్లే ఇవ్వాలి. మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చు.

నేను మాత్రం గట్టిగా అడిగింది ఒక్కటే: మధ్యలో ఎగ్జిమా ఎక్కువైతే ఏం చేస్తారు? మా ట్రయల్‌లో కొందరికి మందు క్రీమ్, కొందరికి మందు లేని ఉత్త క్రీమ్. ఎవరికేదో మాకూ తెలియదు, డాక్టర్‌కూ తెలియదు. ఉత్త క్రీమ్ కూడా చర్మాన్ని మెత్తగా ఉంచుతుంది కానీ, ఎగ్జిమా ముదిరితే అది చాలదు. అప్పుడు ట్రయల్ ఆపి స్టెరాయిడ్ క్రీమ్ ఇస్తామని రాసి ఉన్న పేజీ చూపించారు. అది చదివాకే సంతకం పెట్టాను.

రెండు పూటలా పూయడం, డైరీ రాయడం అలవాటైపోతాయి. వెళ్లిన ప్రతిసారీ, ఎంత క్రీమ్ వాడామో చూడటానికి ట్యూబ్ తూకం వేసేవారు. నాకు కష్టమైంది రక్తం తీయడం. వాడి ఏడుపు ఇంకా గుర్తుంది. ఎన్నిసార్లు తీస్తారో ముందే కనుక్కోండి.

తొమ్మిదో రోజు మా అమ్మ ప్రేమకొద్దీ వేపాకు నూరి రాసేసింది. దాచేద్దామనిపించినా ట్రయల్ కోఆర్డినేటర్‌కి చెప్పేశాను. ఏమీ అనలేదు, రాసుకున్నారు. ఇలాంటివి దాస్తే ఆ క్రీమ్ లెక్కే తప్పుతుంది, రేపు దాన్ని వాడేది ఇంకో పసిబిడ్డే.

పాపకి ఇప్పుడు పుండ్ల నుంచి రసి కారుతున్నా, జ్వరం ఉన్నా ట్రయల్ సంగతి పక్కన పెట్టి ముందు దానికోసం డాక్టర్‌కి చూపించండి.